ముద్రయు మూల్యమును: రేనాటి పాటకు స్ట్రీమింగు ప్రతిఫలము

కవికి బహుమానము, గాయకునకు సంభావన, గ్రంథమునకు కృతిపతి: ఈ మూడును మన వాఙ్మయ చరిత్రమునందు కావ్యగుణవిచారముతోపాటు నడచివచ్చిన విషయములే. కృతిపతి యెవడు, అతడేమి యొసగెను, కవి దానిని గైకొనెనా త్రోసిపుచ్చెనా యను సంగతులు తెలియక ప్రబంధముల యవతారికలు బోధపడవు. అట్లయ్యును, ఈ యిరువది యేండ్లలో పాట లోకమున సంచరించు మార్గమే మాఱిపోగా, ఆ మార్గమున పాటకు వచ్చు ప్రతిఫలమును వర్తకుల లెక్కయని సాహిత్యపరులు తఱచుగా విడిచిపెట్టుచున్నారు. ఇది సరికాదు. నేటి స్ట్రీమింగు సేవలయందు ధనము పాట వెంట పోదు. పాటకు జతచేయబడిన పేరు వెంట పోవును. పేరు నిర్ణయించుట, అనగా కర్తృత్వమును నిర్ణయించుట, చిరకాలముగా పండితుల పని. కావున నీ లెక్కయు పండితుల విచారణకు లోబడినదే. దీనిని పరీక్షించుటకు కర్నూలు, కడప మండలములకంటె తగిన చోటు తెనుగునాట అరుదు. ఏలయన, పాటకు ప్రతిఫలము ముట్టిన తెఱగులు పెక్కు లీ యెండనేలయందే యొకదాని ప్రక్క నొకటి కానవచ్చుచున్నవి.

మొదట శాసనమును చూడవలయును. తెలుగుభాషలో మనకు దొరకిన మిక్కిలి ప్రాచీనమగు శాసనము కడప మండలము, యెఱ్ఱగుంట్ల చెంతనున్న కలమళ్లలోనిది. అది రేనాటి చోళుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలమునాటిది, క్రీ. శ. 575 ప్రాంతమున వేయబడినదని శాసనపరిశోధకుల నిర్ణయము. దానశాసనమునకు గల యంగములు పాఠకులెఱిగినవే. దాత పేరు, ప్రతిగ్రహీత పేరు, ఇచ్చిన భూమి యొక్క కొలత, ఎల్లలు, సాక్షులు, తుదకు ధర్మమును చెఱచినవానికి పంచమహాపాతకములు తగులునను శాపము. ఇదియంతయు నూరి నడుమ రాతిపై నుండును. చదువనేర్చిన ప్రతివాడును చదువవచ్చును. శాసనము భక్తిపత్రము మాత్రమే కాదు. అది బహిరంగముగా నిలిపిన లెక్కపత్రము. ఎవరికెంత యను ప్రశ్నకు దానియందు సమాధానము కలదు. ఈ లక్షణమును మనస్సునందుంచుకొనినచో తరువాతి విధానముల గుణదోషములను తూచుట సులభమగును.

ఆ తరగతికి చేరినదే కవులకిచ్చిన యగ్రహారము. కోకట గ్రామము మొదలగు ననేకాగ్రహారములను రాయలు తన కిచ్చెనని పెద్దన తలచుకొని దుఃఖించినట్లు చెప్పు చాటుపద్యము లోకప్రసిద్ధము. ఆ కోకటము కడప మండలమున కమలాపురము చెంతనున్నది. ఇక్కడ ప్రతిఫలము గ్రంథము నెందఱు చదివిరను లెక్కపై నాధారపడలేదు. ఒక్క రసికుడు మెచ్చెను, ఒక్క కవికి ఊరు వచ్చెను. ఇందలి దోషమును స్పష్టమే. రాజు మెచ్చనివానికి ఊరు లేదు. రాజు పోయిన పిమ్మట కవికి మిగిలినది దుఃఖము. గోపవరపు మొల్ల తన రామాయణమును నరున కంకితమీయక శ్రీరామున కంకితమిచ్చినది. ఆమె కగ్రహారము వచ్చినట్లు చరిత్ర చెప్పదు.

రెండవ తెఱగు తాళ్లపాకవారిది. అన్నమాచార్యుడు రాజంపేట ప్రాంతమందలి తాళ్లపాకవాడు. 1408 మొదలు 1503 వఱకు జీవించినాడు. టంగుటూరు నేలుచుండిన సాళువ నరసింహుడు తనపై నొక శృంగారపదమును చెప్పుమని కోరగా నిరాకరించి చెఱసాల పాలయ్యెనని మనుమడగు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్రము చెప్పుచున్నది. ఆ గాథయందలి ముఖ్యాంశము ధనమును వలదనుట కాదు. ఏలయన, తాళ్లపాకవారు రాజులవలన గ్రామములను పొందిరి, వానిని తిరుమల కైంకర్యములకు వినియోగించిరి. ముఖ్యాంశము ముద్రకు సంబంధించినది. పాట చివర నిలుచు పేరు వేంకటేశునిదే కావలయును గాని రాజుది కారాదని యాతని పట్టుదల. ప్రతిఫలము నెవరివలన నైనను గ్రహింపవచ్చును. ముద్రను మాత్ర మమ్మరాదు. వర్తమాన సమస్య కింతకంటె చక్కని సూత్రము దొరకదు.

తన పేరు పాటలో లేకపోయినను అన్నమాచార్యుని కర్తృత్వము నిలిచియుండుటకు కారణము రాగిరేకులు. కుమారుడగు పెదతిరుమలాచార్యుడు సంకీర్తనలను రేకులపై చెక్కించి తిరుమల యాలయమున సంకీర్తన భాండారమునం దుంచినాడు. రేకులయందు కర్త పేరు, కాలనిర్దేశము, ప్రతి పాటకును రాగనామము కలవు. 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషివలన అవి వెలుగు చూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగువారు వానిని పరిష్కరించిరి. రేకులు లేకున్నచో వేంకటేశ ముద్రగల వేల పాటలు నేడు కర్త లేని పాటలై యుండెడివి. తిరుమల శాసనముల మఱియొక మర్యాదను గూడ నిచ్చట గమనింపవలయును. కైంకర్యము నేర్పఱచిన దాతకు నివేదిత ప్రసాదమున నాలుగవ పాలు ముట్టవలయునను నియమము రాతిపై చెక్కబడినది. పాలు చిన్నదో పెద్దదో యనునది వేఱు మాట. పాలెంతయో యందఱకు తెలిసియుండెను.

అయితే రేకులపై రాగనామములే కాని స్వరము లేదు. నేడు వినబడు నన్నమాచార్య సంకీర్తనలలో పెక్కింటి వరుసలు ఇరువదవ శతాబ్దపు సంగీతవిద్వాంసులు కూర్చినవి. కావున నొక్క పాటలో నిపుడు నలుగురు భాగస్వాము లున్నారు. సాహిత్యకర్తకు హక్కుకాలము ముగిసి శతాబ్దములైనది. వరుస కూర్చినవానికి భారత కాపీరైటు చట్టము ననుసరించి జీవితకాలమును, తదనంతరము 60 యేండ్లును హక్కు కలదు. ఉద్యోగమున నుండి కూర్చినచో వేఱు ఒడంబడిక లేనంతవఱకు నది యజమానికి చెందును. పాడినవానికి 50 యేండ్ల హక్కును, ధ్వనిముద్రణ స్వామికి 60 యేండ్ల హక్కును కలవు. పాట వినువాని చెవికి ఒక్కటియే; లెక్కకు నాలుగు. ఈ నాలుగింటిని వేఱుచేసి వ్రాయనిచోట నెవరో యొకరు తక్కిన మువ్వురి స్థానమున గూర్చుండుట తప్పదు.

మూడవ తెఱగు కళ్లములోనిది. 1846లో కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగబడి, 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లయందు ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని గుఱించియు, 1866 కఱవులో వేలమందికి గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డిని గుఱించియు రేనాట ప్రచారమునందున్న పాటలు మన జానపద వాఙ్మయమున నుత్తమములు. వానికి కర్త యెవడో తెలియదు. పాడువారికి ముట్టిన ప్రతిఫలము కళ్లమున దోసెడు జొన్నలు, ఇంటి ముంగిట కొఱ్ఱల సంగటి, జాతరలో పాతబట్ట. అది యల్పమే. అయినను దానియం దొక గుణము కలదు. విన్నవాడే యిచ్చెను, పాడినవాడే పుచ్చుకొనెను, నడుమ నెవ్వరును లేరు. వాన లేని యేట కళ్లము నిండకున్న పాటకుని జోలెయు నిండలేదు. రైతు భాగ్యమే పాటకుని భాగ్యము. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున పుట్టిన సురభి నాటకసమాజము ఈ నీతినే టిక్కెట్టు రూపమున నిలిపినది. ఆ రాత్రి చూచినవాని డబ్బు ఆ రాత్రి యాడినవారికే చేరును. ఊరిలో వేఱొక చోట తోలుబొమ్మలాట జరిగినచో ఆ డబ్బు దీనికి రాదు, ఈ డబ్బు దానికి పోదు.

గ్రామఫోను వచ్చిన పిమ్మట నీ సంబంధము తెగినది. రికార్డు కొన్నవాడు కంపెనీకి చెల్లించెను. పాడినవానికి కంపెనీ యొక్కమాఱు కొంత మొత్తమిచ్చి చేయి కడుగుకొనుట సాధారణమయ్యెను. 1957 నాటి కాపీరైటు చట్టము కవికి, వాగ్గేయకారునకు హక్కు నిచ్చినను, చలనచిత్రములలో నా హక్కు నిర్మాతదే యగునని సర్వోన్నత న్యాయస్థానము 1977లో నిర్ణయించినది. పాడినవానికి చట్టమున హక్కు లేకుండుటను కృష్ణయ్యరు న్యాయమూర్తి ఆ తీర్పులోనే ప్రత్యేకముగా నెత్తిచూపినాడు. 1994లో ప్రదర్శకుల హక్కు చట్టమున కెక్కినది. 2012 సవరణతో కవియు, సంగీతకర్తయు తమ రాయల్టీ పాలును కంపెనీలకు వ్రాసియిచ్చినను ఆ వ్రాత చెల్లదను నియమము వచ్చినది. సినిమాహాలులో చిత్రముతోపాటు వినబడుట తప్ప తక్కిన వినియోగములందు వారికి స్వామితో సమానమగు పాలు రావలయును. పాడినవారికిని వాణిజ్య వినియోగమున రాయల్టీ హక్కు కలిగినది. చట్టమింత చక్కబడిన కాలముననే పాట అంగడిని విడిచి తంత్రీజాలము నెక్కినది.

ఇపుడు నాలుగవ తెఱగును చూడవలయును. స్వీడను దేశమున 2008లో సేవ నారంభించిన స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో భారతదేశమునకు వచ్చినది. అంతకు పూర్వమే గానా మొదలగు స్వదేశ సేవలు నడచుచుండెను. 2014లో మొదలిడిన వింక్ 2024లో మూతపడినది. ధ్వనిముద్రణ పరిశ్రమ యొక్క అంతర్జాతీయ సమాఖ్య లెక్క ప్రకారము 2024లో ప్రపంచమున రికార్డు సంగీతమువలన వచ్చిన రాబడి 2,960 కోట్ల డాలర్లు. అందు నూటికి 69 వంతులు స్ట్రీమింగువే. ఒక్క స్పాటిఫైయే ఆ యేట 1,000 కోట్ల డాలర్లను హక్కుదారుల కిచ్చినట్లు ప్రకటించినది. కావున ధనము లేదనుటకు వీలులేదు. ప్రశ్న పంపకమును గుఱించినది.

పంపకము జరుగు విధమిది. చందాలవలనను, ప్రకటనలవలనను వచ్చిన సొమ్ము నంతయు నొక్క కుప్పగా పోయుదురు. అందు సుమారు మూడింట రెండు వంతులు హక్కుదారులకని తీయుదురు. ఆ భాగమును ఆ నెలలో జరిగిన మొత్తము వినికిడులచే భాగింతురు. ఏ హక్కుదారుని పాటలు ఎన్నిమాఱులు వినబడెనో యంత పాలు వానికి పోవును. ముప్పది సెకండ్లు వినినచో నొక వినికిడి. అనగా పాటకు నిర్ణీతమగు వెల లేదు. ఇన్ని పైసలని చెప్పుకొను లెక్కలన్నియు తరువాత భాగించి చూచుకొన్నవే. హక్కుదారుని చేతికి వచ్చిన సొమ్ములో పాడినవానికెంత యనునది వాని యొడంబడికను బట్టి యుండును.

ఉదాహరణమునకై యొక లెక్కను కల్పించి చూడవచ్చును. పదిమంది చందాదారులు నెలకు 100 రూపాయల చొప్పున చెల్లించిరనుకొందము. హక్కుదారుల భాగము 660 రూపాయలు. అందు ప్రొద్దుటూరి శ్రోత యొక్కడు నెలయంతయు నొక తత్త్వగాయకుని పాటలనే 20 మాఱులు వినెను. తక్కిన తొమ్మండుగురు తలకు 220 చొప్పున చలనచిత్ర గీతములను 1,980 మాఱులు వినిరి. మొత్తము 2,000 వినికిడులు. వినికిడి యొక్కింటికి 33 పైసలు. తత్త్వగాయకుని పాలు 6 రూపాయల 60 పైసలు. అతనిని తప్ప వేఱొకరిని వినని శ్రోత చెల్లించిన 66 రూపాయలలో 59 రూపాయల 40 పైసలు ఆ శ్రోత యెన్నడును విననివారికి పోయినవి. సురభివారి నాటకమునకు టిక్కెట్టు కొన్నవాని సొమ్ము ప్రక్క ఊరి సర్కసుకు చేరినట్లైనది. ఎవని చందా వాడు విన్నవారికే చెందవలయునను రెండవ పద్ధతిని సౌండ్‌క్లౌడు 2021లో కొంత యమలుపఱచినది. ఆ లెక్కన తత్త్వగాయకునకు 66 రూపాయలును రావలసినదే.

అయితే నిష్పక్షపాతముగా విచారించువారు ఒక మాటను గూడ గమనింపవలయును. ఫ్రాన్సు దేశపు జాతీయ సంగీత కేంద్రము 2021లో ప్రకటించిన పరిశీలనమున, పద్ధతి మార్చినను మిక్కిలి తక్కువగా వినబడు కళాకారులకు కలుగు లాభము ఏటికి కొలది యూరోలకు మించదని తేలినది. చిన్నపాలు రెట్టింపైనను చిన్నపాలే. మన దేశమున శ్రోతలలో నధికులు చందా కట్టక ప్రకటనలతోడనే వినుచుందురు గనుక కుప్పయే చిన్నది. కావున భాగహారమును మార్చుటతో సర్వము చక్కబడునని చెప్పుట యతిశయోక్తి. న్యాయము వేఱు, భృతి వేఱు. రెండవ పద్ధతి న్యాయమును నిలుపును. భృతిని మాత్రము తానై కల్పింపలేదు.

న్యాయమునకు విరుద్ధముగా నడచిన మఱియొక నియమము 2024లో వచ్చినది. గడచిన పండ్రెండు నెలలలో 1,000 వినికిడులకు తక్కువైన పాటకు స్పాటిఫై ధ్వనిముద్రణ పాలు నీయదు. ఆ సొమ్ము తక్కిన పాటల కుప్పలో కలియును. అంత చిన్న మొత్తములు బ్యాంకు ఖర్చులకే చాలక పాడినవారికి చేరవనియు, దొంగ వినికిడుల నరికట్టుట కీ నియమము తోడ్పడుననియు ఆ సంస్థవారి సమాధానము. అందు కొంత నిజము లేకపోలేదు. కాని కొలత చిన్నదైనంత మాత్రమున మేర నెత్తివేసి పెద్దరైతు గాదెలో పోయుట కళ్లమున నెవ్వరును అంగీకరింపరు. ఒక చెక్కభజన బృందము పాడిన పాటను రెండు మూడూళ్లవారు మాత్రమే వినుట సహజము. అది పాట గుణమునకు కొఱత కాదు. దాని పరిధి యట్టిది.

సాహిత్యవిమర్శకు నేరుగా తగులు విషయమింకొకటి కలదు. వినికిడియే కొలతయైనపుడు మూడు నిమిషముల పాటకును, గంటసేపు సాగు కథాగానమునకును పాలు సమానమే. నరసింహారెడ్డి కథను గానముగా మొదటినుండి తుదివఱకు పాడిన గాయకునకు నొక వినికిడి. అదే కాలములో ఇరువది చిన్న పాటలు వినిపించినవానికి ఇరువది. కావున కథను ముక్కలుగా కోయవలయును. కోసిన ప్రతి ముక్కయు ముప్పది సెకండ్లలోపల శ్రోతను పట్టుకొనవలయును. సంకీర్తనమునకు ముందుండు రాగాలాపనము భారమగును. ఎత్తుగడ యందే పల్లవి రావలయును. పూర్వము ఛందస్సు, తాళము, ప్రదర్శన సమయము పాట రూపమును శాసించినవి. ఇపుడు లెక్కయే ఛందస్సగుచున్నది. ఏ ప్రతిఫల విధానమైనను తనకు తగిన సాహిత్యమును తాను పుట్టించుకొనును. అగ్రహారము ప్రబంధమును, ఆలయము సంకీర్తనమును, కళ్లము వీరగాథను పోషించినవి. ముప్పది సెకండ్ల లెక్క దేనిని పోషించునో, దేనిని ఎండగట్టునో విచారించుట విమర్శకుల ధర్మము.

ఇక ముద్రను గుఱించి. స్ట్రీమింగు సేవకు పాటను పంపునపుడు దానితో నొక వివరపట్టికను జతచేయుదురు. పాట పేరు, కర్త, వరుస కూర్చినవాడు, పాడినవాడు, ముద్రణ స్వామి యను గడులు అందుండును. నేటి ముద్ర యదియే. ఆ గడి యందు లేనివాడు లెక్కలో లేడు. రేనాటి పాటను పంపునపుడు కర్త గడిలో సంప్రదాయమని వ్రాయుట సత్యమే. కాని కొందఱు చిన్న మార్పులు చేసి తమ పేరు వ్రాసికొనుటకు నా గడి యవకాశ మిచ్చుచున్నది. పోతులూరి వీరబ్రహ్మముగారి సంప్రదాయమునందలి తత్త్వములలో గురునామమే ముద్రగా నిలిచినవి కలవు. శిష్యుడు తన పేరును దాచుకొని గురువు పేరు నిలిపినాడు. వేమన మకుటముతో నితరులు చెప్పిన పద్యములు చేరినవని పరిష్కర్తలు చిరకాలముగా చెప్పుచున్నారు. పూర్వము ప్రక్షిప్తకర్త తన పద్యము నితరుని పేర చెల్లించెను. నేటివాడు ఇతరుల పాటను తన పేర చెల్లించుచున్నాడు. మొదటిదానియందు వినయముండెను, రెండవదానియందు ఆదాయము కలదు. దీనికి తోడు యంత్రము కట్టిన పాటలు వచ్చిపడుచున్నవి. డీజరు సంస్థ 2025 ఏప్రిలులో తనకు దినదినము చేరు పాటలలో నూటికి 18 వంతులు యంత్రనిర్మితములని ప్రకటించినది. ఇట్టి ప్రక్షిప్తములలో వినబడిన ప్రతిదియు నొక్కటే కుప్పలోని పాలును పంచుకొనును.

జానపదగీతము సర్వులసొత్తు గనుక దానికి పేరు తగిలించుట సొంత ఆస్తిగా చేయుటయే యగునని కొందఱాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపము గౌరవింపదగినదే. కాని తాళపత్ర గ్రంథముల మర్యాద దీనికి సమాధానము చెప్పుచున్నది. ప్రతిని వ్రాసిన లేఖకుడు తుదియందు తన పేరు, ఊరు, సంవత్సరము, తిథి వ్రాసికొనును. దానిని చూచి లేఖకుని కవియని యెవ్వరును భ్రమపడలేదు; కవిత్వముపై వానికి స్వామ్యమును కల్పింపలేదు. అయినను వాని శ్రమ గుర్తింపబడినది, పాఠము ఎక్కడిదో తెలిసినది. పాట సర్వులది, పాఠము పాడినవానిది. ఈ వివేకమును చట్టమును అంగీకరించుచున్నది. కర్త హక్కు వేఱు, ప్రదర్శకుని హక్కు వేఱు. కర్త తెలియని పాటయందును పాడినవాని హక్కు చెడదు.

గుర్తింపు మాత్రమే చాలదనుటకును ఒక ప్రసిద్ధ దృష్టాంతము కలదు. కృష్ణకావల నాగర్‌కర్నూలు ప్రాంతమునకు చెందిన పండ్రెండు మెట్ల కిన్నెర విద్వాంసుడు దర్శనం మొగిలయ్య 2021లో భీమ్లా నాయక్ చిత్రగీతమునకు తన గొంతు నిచ్చినాడు. 2022లో పద్మశ్రీ బిరుదము నందినాడు. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు సమీపమున కట్టడపు పనిలో కూలిగా నున్నట్లు పత్రికలు ప్రకటించినవి. తనకు నెలనెల ముట్టు గౌరవవేతనము ఆగిపోయినదని ఆయన చెప్పుకొన్నాడు. పేరు తెలియకపోలేదు, పాట వినబడకపోలేదు. బిరుదము వచ్చినది, కీర్తి వచ్చినది. నిలుకడయైన జీవనము రాలేదు. కర్త తెలిసిన చలనచిత్ర గీతమునందే యిట్లున్నపుడు, పేరే వ్రాయబడని రేనాటి గాయకుని గతి యెట్టిదో యూహింపవచ్చును. 2019లో నరసింహారెడ్డి కథ సైరా యను చలనచిత్రమైనది. దాని గీతములకు కర్తలు, స్వాములు గలరు. ఆ కథను నూటయేబది యేండ్లు నోట నిలిపిన పాటకు గడియందు పేరు లేదు.

కర్తవ్యమేమనగా, మొదటిది పట్టిక. కడపయందు 1820 నుండి ఉద్యోగము చేసిన బ్రౌనుదొర తన సొంత సొమ్ముతో పండితులకు జీతములిచ్చి ప్రతులను సేకరించి పాఠములను సరిచూపించినాడు. పండితులు ధర్మార్థము పనిచేయవలెనని యాతడనలేదు. ఆ పద్ధతిని నేడు పాటకు వర్తింపజేయవలయును. గాయకుని పేరు, ఊరు, గురుపరంపర, పాఠము, ముద్రించిన దినము, ముద్రించినవాని పేరు గల పట్టికను సాహిత్యసమాజములును, కళాశాలలును ఊరూర వ్రాయించి, పాడినవారికి ఆనాటి కూలి తగ్గకుండ నిచ్చి, పట్టికను బహిరంగముగా నుంచవలయును. అట్టి పట్టిక కలిగినచో పాటను తమదని చెప్పుకొనువారి వాదమును ఖండించుటకు సాక్ష్యము కలుగును. రెండవది ఒడంబడిక. పాడినవానికి చదువవచ్చిన తెలుగులో, పాలెంతయో అంకెలలో వ్రాయని కాగితముపై సంతకము చేయరాదని పాఠశాల పండితులు తమ ఊరి బృందములకు చెప్పవలయును. మూడవది కొలత. కథాగానమునకు కాలపరిమాణమును బట్టి పాలు రావలయునని సంస్థలను కోరవలయును. నాలుగవది ప్రకటన. బ్రిటిషు పార్లమెంటు సంఘమొకటి 2021 జూలైలో స్ట్రీమింగు ఆదాయపు పంపకమును సమూలముగా సవరింపవలయునని చెప్పుచు, సంస్థలకును కంపెనీలకును నడుమనున్న రహస్యపు టొడంబడికలను తప్పుపట్టినది. మన దేశమున అంతర్జాల సేవలకు రేడియోవలె చట్టము నిర్ణయించిన లైసెన్సు వర్తింపదని బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2019లో తీర్పు చెప్పగా, 2022లో నదియే స్థిరపడినది. కావున స్ట్రీమింగు వెల యంతయు నొడంబడికలోనే యున్నది. ఒడంబడిక చీకటిలో నున్నంతవఱకు పాలును చీకటిలోనే యుండును.

రేనాటి శాసనకర్తలు దానము చేసి రాతిపై వ్రాసిరి. తాళ్లపాకవారు పాటను రాగిపై వ్రాసిరి. వారిద్దఱికిని తెలిసిన సత్యమొక్కటే. ఎవరిదో, ఎంతయో వ్రాసి నలుగురు చూచునట్లుంచనిది నిలువదు. నేటి లెక్కలు రాతికంటెను, రాగికంటెను వేగముగా వ్రాయబడుచున్నవి. కాని చదువవలసినవాని కంటబడుట లేదు. ఆ కొఱతను తీర్చుటకు ధనబలము కంటె ముందు పాఠపరిష్కరణ బుద్ధి కావలయును. అది పండితులయొద్ద కలదు. దానిని కోవెలకుంట్ల కళ్లములకును, మైదుకూరు భజనమందిరములకును కొనిపోవుట వారి పని యగునో కాదో విజ్ఞులు విచారింతురు గాక.